థైరాయిడ్ అని చెప్పుకున్నాం

చలిగా ఉంది, అవును, ఇది చలే, కృష్ణగిరి బస్సు కిటికీ అద్దం సగం దిగి ఇరుక్కుపోయింది, శూలగిరి కొండ వైపు నుంచి వచ్చే డిసెంబరు గాలి నేరుగా మెడ మీద తగులుతోంది, ముందు సీట్లో ముసలాయన మఫ్లరు చెవుల మీదికి లాక్కుని వెనక్కి తిరిగి నన్ను చూశాడు, అద్దం ఎత్తమని కాబోలు, ఎత్తినా రావడం లేదని చేత్తో చూపించాను, నిజానికి నాకు ఎత్తాలని లేదు, నాకు చలి వేస్తోందని ఆయనతో చెప్పాలని ఉంది, చెబితే పిచ్చివాడనుకుంటాడు, రెండేళ్ల కింద ఇదే నెలలో హోసూరులో అందరూ స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంటే నేను బనియను తడిసి ముద్దయి ఫ్యాను ఎక్కడుందా అని వెతుక్కున్నవాణ్ణి, ఒంట్లో ఎవరో పొయ్యి రాజేసి ఆర్పకుండా వదిలేసినట్టుండేది, ఇప్పుడు చూడు, ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, వాటిని అరచేత్తో నిమిరి చూసుకున్నాను, అరచెయ్యి పొడిగా ఉంది, వణకడం లేదు, నిన్న బెంగుళూరులో పెద్దాసుపత్రి డాక్టరు రిపోర్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దింపి అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇక నుంచి ఆరు నెలలకొకసారి వస్తే చాలు అని కన్నడంలో చెప్పి నా తరవాతివాళ్ల పేరు పిలిచేశాడు, అంతేనా సార్ అని అడిగాను, అంతే అన్నాడు, ఇంకా నిలబడే ఉన్నానని చూసి నవ్వి, పో తిమ్మరాయప్పా, పోయి పని చూసుకో అన్నాడు, ఆ మాట నా భార్య భువనకు ఇంకా తెలియదు, అదే నన్ను సీట్లో కుదురుగా కూర్చోనివ్వడం లేదు, వాళ్లమ్మకు కంటి ఆపరేషనయిందని ఆమె వారం కిందట సామల్పట్టి పోయింది, నిన్న నాతో బెంగుళూరు వస్తానంది, వద్దన్నాను, అయితే ఫోనులో చెప్పొద్దు, మంచైనా చెడైనా మొకం చూసి చెప్పు, రేపు పదకొండుకు కృష్ణగిరి బస్టాండులో నేనుంటా అంది, ఇప్పుడు టైము పది కావస్తోంది, ఈ పాటికి ఆమె కూడా ఏదో ఒక బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఆమెకు తెలియదు, నాకు తెలుసు, ఈ గంట సేపు ఇంత మంచి మాట నా ఒక్కడి దగ్గరే ఉంది.

మంచి మాటను గంట సేపు దాచలేక ఇంత సతమతమవుతున్నానే, చెడ్డదాన్ని ఎనిమిది నెలలు ఎలా దాచాను, మొదట అది చింతగింజంత, రెండువేల మూడు ఉగాది పోయిన వారం, హోసూరు పక్క మూకండపల్లిలో మా వరుస ఇళ్ల వెనక బచ్చలింట్లో ఒళ్లు రుద్దుకుంటుంటే సబ్బు చేతికి తగిలింది, కుడి బీజానికి అంటుకుని గట్టిగా, నొప్పి లేదు, నొప్పి లేనిది రోగమెలా అవుతుంది, ఫ్యాక్టరీలో ఇనుప పలక ఎత్తుతుంటే అంచు తగిలి ఉంటుంది, అదే కరుగుతుంది అనుకున్నాను, మరుసటి రోజు చూసుకున్నాను, ఆ మరుసటి రోజూ చూసుకున్నాను, తరవాత చూసుకోవడమే మానేశాను, ఆ చోట చెయ్యి పెట్టకుండా స్నానం చేయడం నేర్చుకున్నాను, ముప్పై ఏళ్ల వాణ్ణి, మూడేళ్ల కూతురున్నవాణ్ణి, పొలం పనిలో కాలు విరిగితే ఊరంతటికీ చూపించే ఇంట్లో పుట్టినవాణ్ణి, అయినా ఎవరికి చెప్పుకునేది, మా నాన్న లేడు, అమ్మకు ఎలా చెప్పేది, డాక్టరు దగ్గరికి పోతే పంచె విప్పమంటాడు, ఆ ఒక్క మాటకు భయపడి అది చింతగింజ నుంచి గోలీ అయిందాకా, గోలీ నుంచి నిమ్మకాయ అయిందాకా ప్యాంటు కొంచెం వదులుగా కుట్టించుకుని తిరిగాను.

వినాయక చవితి నాటికి ఒళ్లు వేరే మనిషిదైపోయింది, గుండె ఊరికే కూర్చున్నా మెట్లెక్కినట్టు కొట్టుకునేది, మూడు రాగి ముద్దలు తినేవాణ్ణి, అమ్మ తిమ్మక్క సంతోషపడి నాలుగోది పెట్టేది, అయినా బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకోవాల్సి వచ్చేది, రొమ్ముల కింద ఏదో ఉబ్బినట్టయి చొక్కా తగిలినా సలిపేది, అన్నిటికన్నా పాడుది చేతుల వణుకు, నా పని టూల్ రూంలో కొలతలు చూడటం, మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా ఆ భాగాన్ని పక్కన పెట్టేయాలి, అటువంటిది ఒకే ముక్కను మైక్రోమీటరులో మూడుసార్లు పెడితే మూడు కొలతలు వచ్చేవి, మంచివాటిని పక్కన పెట్టాను, చెడ్డవాటిని పంపించాను, ఒకరోజు మా సూపర్‌వైజరు రంగనాయకులు నన్ను స్టోరు రూంలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసి, తిమ్మరాయప్పా, నిజం చెప్పు, తాగతా ఉండావా అన్నాడు, పన్నెండేళ్లుగా చూస్తున్న మనిషి, చుక్క ముట్టనని తెలిసిన మనిషి, ఆ మాట అడగడానికే ఆయన మొహం చిన్నబోయింది, లేదు సార్ అంటే మరి చేతులకేమైంది అంటాడు, డాక్టరుకు చూపించు అంటాడు, నాతో వస్తానంటాడు, ఒక్క క్షణంలో ఇవన్నీ లెక్కేసుకుని అవును సార్, కొంచెం అన్నాను.

తాగుబోతునని ఒప్పుకున్నాను, గడ్డ సంగతి చెప్పడం కన్నా అదే తేలిక అనిపించింది, శూలగిరి వచ్చింది, కొందరు దిగుతున్నారు, చామంతి పూల మూటలు బస్సు పైనుంచి దించుతున్నారు, ఆ వాసన లోపలిదాకా వస్తోంది, రంగనాయకులు ఆ రోజు తల అడ్డంగా ఊపి, నన్ను టూల్ రూం నుంచి తీసి ప్యాకింగుకు మార్చాడు, అట్టపెట్టెలకు టేపు అంటించే పని, అక్కడ చేతులు వణికినా ఎవరికీ నష్టం లేదు, వారం తిరక్కుండా ఆ కబురు మా వీధిలోకి వచ్చింది, అమ్మ ఏడ్చింది, భువనను తిట్టింది, మొగుణ్ణి కనిపెట్టుకోలేనిదానివి అని, భువన మాత్రం నా పక్కకు వచ్చి నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చి చూసి లోపలికి పోయింది, వాసన లేదని ఆమెకు తెలిసింది, ఆమెకు తెలిసిందని నాకు తెలిసింది, అందుకే ఆమెను చూస్తే కోపం వచ్చేది, ఉప్పు ఎక్కువైందని కంచం ఎత్తి గోడకేసి కొట్టాను, పాప భయపడి మంచం కిందికి దూరింది, కాళ్లు పట్టి లాగినా బయటికి రాలేదు, నేను అలాంటి మనిషిని కాదు, కాదు కానీ ఆ చెయ్యి నాదే, గోడ మీద పప్పు మరక రెండు పండుగలు పోయినా అలాగే ఉండింది.

గుండె దడ అని మాత్రం చెప్పి హోసూరులో చూపించుకుంటే డాక్టరు రక్తపరీక్ష చేయించి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందన్నాడు, గొంతు దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుందట, అది ఒంటికి వేగం పెంచుతుందట, పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది, గొంతు కదా, చెప్పుకోగలిగిన చోటు కదా, మాత్రలు రాసిచ్చాడు, రెండు నెలలు మింగాను, గుండె దడ కొంచెం తగ్గింది గానీ ఒళ్లు ఇంకా కరిగిపోతూనే ఉంది, పైగా దగ్గు మొదలైంది, దగ్గితే ఒకరోజు గుడ్డ మీద ఎర్రటి చార పడింది, అది భువన చూసింది, మర్నాడే నన్ను బస్సెక్కించింది, ఇదే దారి, కృష్ణగిరిలో వాళ్ల పిన్నమ్మకు బాగుచేసిన డాక్టరమ్మ ఉందంది, నెరిసిన జుట్టు, పెద్ద కళ్లద్దాలు, తమిళావిడే కానీ మాతో తెలుగులోనే మాట్లాడింది, నా గొంతు చాలాసేపు వేళ్లతో తడిమి చూసింది, కళ్లు చూసింది, కాగితాలు చూసింది, మళ్లీ గొంతు చూసింది, ఈడేం పెద్దగా వాపు లేదే, కళ్లు కూడా బాగుండాయే అని తనలో తాను అనుకుంది, ఉన్నట్టుండి చొక్కా తీయమంది, ఉబ్బిన రొమ్ములు చూసింది, తరవాత నా మొహంలోకి చూస్తూ, తిమ్మరాయప్పా, ఇంకా యాడైనా గడ్డ ఉండాదా, కింద యాడైనా అని అడిగింది, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒకరు అడిగారు, సరిగ్గా అదే అడిగారు, నోరు తెరిస్తే చాలు, లేదు మేడం అన్నాను, ఎంత స్పష్టంగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో వినిపిస్తుంది, ఆమె సరేనని పెన్ను తీసుకుంది, అప్పుడు వెనక గోడకానుకుని నిలబడి ఉన్న భువన ముందుకు వచ్చింది, ఉండాది మేడం, కుడిపక్క, నిమ్మకాయంత, నాకు తెలిసి నాలుగు నెలలాయె, అడగబోతే మీదికొస్తాడు అంది, డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

తెర వెనక బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ నేను తలుచుకున్నది రోగాన్ని కాదు, చావును కాదు, ఒక ఆడదాని ముందు ఇంకొక ఆడది నా పరువు తీసింది, అంతే నా మనసులో ఉన్నది, తిరుగు బస్సులో భువన ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంటే నేను చిట్టచివరి సీట్లో కూర్చున్నాను, కురుబరపల్లి దగ్గర ఆమె రెండుసార్లు తిరిగి చూసింది, నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను, ఆ తరవాత పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, పదకొండు రోజులు, అన్నం పెడితే తిన్నాను, నీళ్లిస్తే తాగాను, మాట మాత్రం లేదు.

ఇప్పుడూ కురుబరపల్లే దాటుతున్నాం, రోడ్డు వెడల్పు చేసి మధ్యలో గన్నేరు మొక్కలు నాటారు, అప్పుడివి లేవు, మామిడి తోటలు మాత్రం అలాగే ఉన్నాయి, స్కానూ రక్తపరీక్షలూ వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ, అమ్మను కూడా, కూర్చోబెట్టి చెప్పింది, నీ థైరాయిడ్‌లో ఏ తప్పూ లేదప్పా, తప్పంతా కింద గడ్డలో ఉండాది, అది క్యాన్సర్, ఊపిరితిత్తులకు కూడా కొంచెం పాకినాది, ఆ గడ్డ ఒక హార్మోన్ తయారుచేస్తా ఉండాది, అది మామూలుగా కడుపుతో ఉండే ఆడోళ్లకు వచ్చేది, నీకు అయిదు లోపల ఉండాల్సింది రెండు లక్షలు దాటింది, అది థైరాయిడ్‌ను మోసం చేసి పరిగెత్తిస్తా ఉండాది అంది, నాకు వెంటనే అర్థమైంది, ఎవడో సూపర్‌వైజరు సంతకం దొంగతనంగా పెట్టి మెషిను ఆపకుండా నడపమని చీటీ పంపితే పాపం ఆపరేటరు ఏం చేస్తాడు, నడుపుతూనే ఉంటాడు, అమ్మకు అర్థమైంది మాత్రం ఒక్క మాటే, మగోడికి కడుపేందమ్మా అని అడిగింది, డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది, భువన కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, క్యాన్సర్ అన్న మాట విన్న రెండు నిమిషాలకు ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్లు నవ్వుతున్నారు, అమ్మ ఎందుకో తెలియకుండానే నవ్వుతోంది, నేను ఒక్కణ్ణే బిగుసుకుని కూర్చున్నాను, అరుదుగా వస్తుంది, కానీ బాగయ్యే జాతి, భయపడొద్దు, ఆలస్యం చేయొద్దు అని డాక్టరమ్మ బెంగుళూరుకు ఉత్తరం రాసిచ్చింది.

ఆలస్యం చేయలేదు, వారంలో ఆపరేషన్, గజ్జల్లో కోసి తీసేశారు, ఆపరేషన్ గదిలోకి తోసుకుపోయేటప్పుడు భువన స్ట్రెచరు పక్కన నడుస్తుంటే మొదటిసారి నోరు తెరిచి పాపను జాగ్రత్తగా చూసుకో అన్నాను, అదీ పదకొండు రోజుల తరవాత నేనన్న మాట, ఆ తరవాత మూడు వారాలకొకసారి మందు ఎక్కించారు, నాలుగుసార్లు, జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, నోరంతా పూసి మజ్జిగ కూడా దిగేది కాదు, కానీ ప్రతిసారీ ఆ అంకె దిగింది, లక్షల నుంచి వేలకు, వేల నుంచి వందలకు, దాంతో పాటే థైరాయిడ్ చల్లబడింది, గొంతుకు ఎవరూ ఏమీ చేయకుండానే, మాత్రలు ఆపేయమన్నారు, రెండోసారి మందు ఎక్కిన తరవాత ఒక పొద్దున భువన స్టీలు గ్లాసు నిండా కాఫీ ఇచ్చింది, పట్టుకుని తాగుతున్నాను, ఆమె నా వైపే చూస్తోంది, ఏమి అన్నాను, గ్లాసు చూడు అంది, కాఫీ కదలడం లేదు, పైన తొరక కూడా కదలడం లేదు, ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది, నేను గ్లాసు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను, చల్లారిపోయేదాకా.

వీధిలో అందరికీ థైరాయిడ్ అని చెప్పుకున్నాం, ఫ్యాక్టరీలో కూడా ఆఫీసువాళ్లకు తప్ప అందరికీ థైరాయిడే, అబద్ధమేమీ కాదు కదా అని నేనే అన్నాను, అమ్మ ఆ మాట నోరు తిరక్క తైరాడు తైరాడు అని అందరికీ చెప్పుకుంది, మళ్లీ పనికి పోయిన రోజు రంగనాయకులు, సెలవు థైరాయిడ్‌కైనా వణుకు తాగుడుదే అనుకుని, నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసి, మానేసినావా, మంచి పని చేసినావప్పా అన్నాడు, కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు, మళ్లీ టూల్ రూంలో కూర్చోబెట్టాడు, అవును సార్ మానేశాను అన్నాను, ఏం మానేశానో ఆయనకు తెలియదు, సరే, అదంతా అయిపోయింది, కోపం కూడా ఆ హార్మోన్ వల్లనే వచ్చిందని డాక్టరమ్మ తరవాత ఒకసారి చెప్పింది, థైరాయిడ్ అట్లా పరిగెత్తితే మనిషి ఊరకనే మండిపడతాడు, నువ్వేం మనసులో పెట్టుకోవద్దు అంది, ఆ మాటను రెండేళ్లుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, కంచం విసిరింది రోగం, పాపను భయపెట్టింది రోగం, తూకం తగ్గింది, చెమట పట్టింది, కొలత తప్పింది, అన్నీ రోగమే, నేను కాదు, ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట, నిన్న ఆరు నెలలకొకసారి రమ్మనగానే ఇక ఆ రోగమూ లేదు, అది చేసిన పనులూ లేవు అనుకుంటూ బస్సెక్కాను, కానీ లేదు మేడం అన్నానే, అది, అది ఏ హార్మోన్ అనిపించింది, అవును సార్ కొంచెం అన్నది ఏ హార్మోన్, చేతులు వణికింది రోగం వల్లే, నోరు మూసుకుంది మాత్రం నేను, పూర్తిగా నేనే, రోగం ఇంకా చింతగింజంత ఉన్నప్పుడే నేను మూసుకున్నాను, చిత్రంగా ఇలా అనుకుంటే భయం వేయడం లేదు, ఛాతీలో ఏదో సడలినట్టుంది, రోగం చేసిందంటే నేనేం చేయగలను, నేను చేసిందైతే నేను చెప్పగలను.

కృష్ణగిరి కొండ కనిపిస్తోంది, బస్టాండులోకి తిరుగుతోంది, నేను బస్సు ఆగకముందే తలుపు దగ్గరికి వచ్చేశాను, సామల్పట్టి మీదుగా వచ్చే ఊత్తంగరై బస్సులు ఆగే చోట, పూల దుకాణం పక్కన, గుడ్డ సంచి రెండు చేతులతో పట్టుకుని భువన నిలబడి ఉంది, ఎప్పటి నుంచి నిలబడిందో, వచ్చే ప్రతి బస్సులో ప్రతి మొహం చూస్తోంది, నన్ను చూసింది, కదల్లేదు, అడగలేదు, నేనే దగ్గరికి పోయి బాగుండాది, అంతా మామూలుగా ఉండాది, ఇంక ఆరునెల్లకొకతూరి వస్తే చాలన్నారు అని చెప్పాను, ఆమె అక్కడే ఉన్న సిమెంటు బల్ల మీద కూలబడినట్టు కూర్చుంది, కొంగుతో మొహమంతా ఒకేసారి తుడుచుకుంది, ఆడికి పోదాం పా, డాక్టరమ్మకు చెప్దాం అంది, లేవబోయింది, ఉండు అన్నాను, పక్కన కూర్చున్నాను, చుట్టూ కండక్టర్లు ధర్మపురి తిరుపత్తూరు అని అరుస్తున్నారు, అంతమందిలో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక అదే మొదలుపెట్టాను, ఆ పొద్దు డాక్టరమ్మ అడిగితే నేను లేదంటిని, ఆ మాట రోగం ఆడించింది కాదు భువనా, నేనే ఆడినాను, నువ్వు చెప్పినందుకు నీతో పదకొండు దినాలు మాట్లాడలేదు, అదీ నేనే.

ఆమె నా వైపు చూడలేదు, సంచి గుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ, డాక్టరమ్మ అడిగింది, నువ్వు లేదంటివి, నేనూ ఊరకుండిపోతే ఇంక మనం యాడికి పోయేది అంది, మళ్లీ తనే, నేను మాత్రం నాలుగు నెలలు ఊరకుండలేదా, నువ్వు కసురుకుంటావని ఊరకుంటిని, నువ్వు పనికి పోయినాక పాపను ఒళ్లో పెట్టుకోని ఏడస్తా ఉంటిని, నువ్వొచ్చే టయానికి మొకం కడుక్కుంటా ఉంటిని అంది, ఈ రెండేళ్లలో ఆమె ఈ మాట చెప్పలేదు, నేను అడగలేదు, ఆ నాలుగు నెలలు ఇంటికి రాగానే ఆమె మొహం తడిగా ఉండేది, నాకు గుర్తుంది, స్నానం చేసిందేమో అనుకునేవాణ్ణి, నా భయమంతా నేనొక్కణ్ణే మోస్తున్నానని, ఎవరికీ తెలియకుండా మోస్తున్నానని గొప్పగా అనుకుని తిరిగిన రోజుల్లో, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, అదే భయాన్ని ఇంకొకరు మోశారు, నాది దాచడానికి నేను అరిచాను, ఆమెది దాచడానికి ఆమె మొహం కడుక్కుంది, ఇద్దరం విడివిడిగా దాచుకున్నది ఒకటే, ఇవాళ ఈ బల్ల మీద ఇద్దరి మధ్యా అది లేదు, ఊపిరి అడుగుదాకా పోయి వచ్చింది, రేపు పొద్దున షిఫ్టు మొదలవకముందే రంగనాయకులు సారుకు చెప్పాలి, నేనెప్పుడూ తాగలేదని, జరిగింది ఇదని, ఆ చోటు పేరుతో సహా.